కృతజ్ఞతల పేజీ

లోకేశ్వరి కంప్యూటర్‌లో పదిహేనేళ్లుగా చెక్కు చెదరని ఫైలు ఒకటుంది. దాని పేరు ‘కృతజ్ఞతలు’. ఈ పదిహేనేళ్లలో కంప్యూటర్లు మూడు మారాయి, కీబోర్డులు ఎన్ని మారాయో ఆమెకే గుర్తులేదు. ఆ ఫైలు మాత్రం ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారుతూ బతికే ఉంది. ప్రాజెక్టు రిపోర్టు పశువుల దాణా మీదైనా, పట్టు పురుగుల మీదైనా లోపలి మొదటి పేజీ అదే. ‘ఈ ప్రాజెక్టు విజయవంతంగా పూర్తి కావడానికి అమూల్యమైన సలహాలిచ్చిన’ అని మొదలవుతుంది. చుక్కలున్న చోట గైడు పేరు, ఆ తర్వాతి చుక్కల్లో ప్రిన్సిపాలు పేరు, చివర ‘నన్ను కని, పెంచి, ఇంతవాడిని చేసిన తల్లిదండ్రులకు’. ఆడపిల్లయితే ‘ఇంతదాన్ని’ అని మార్చాలి. ఓసారి మర్చిపోయి ఒక అమ్మాయిని ఇంతవాడిని చేసేసింది. ఎవ్వరూ చూడలేదు, గైడు సంతకం కూడా పెట్టేశాడు. ఆ పేజీని చదివేవాళ్లు లోకంలో ఉంటారని నమ్మడం లోకేశ్వరి ఆ రోజుతో మానేసింది.

చిత్తూరులో డిగ్రీ కాలేజీ గేటుకు ఎదురుగా, మందుల షాపుకూ జిరాక్సు షాపుకూ నడుమ ఇరుక్కున్న గది ఆమెది. మార్చి నెల. ఫైనలియరు పిల్లల ప్రాజెక్టులన్నీ ఒక్కసారిగా మీద పడే కాలం. అయినా రెండేళ్లుగా టైపింగు పని తగ్గిపోయింది. పిల్లలు ఫోన్‌లో ఏఐ చేత రాయించుకుని వాట్సాప్‌లో పంపేస్తున్నారు. లోకేశ్వరి చేయాల్సిందల్లా అక్షరాల సైజు సరిచేసి, ప్రింటు తీసి, బైండు వేసి ఇవ్వడమే. ముప్పై రిపోర్టులు వస్తే ముప్పైలోనూ ఏదో ఒకటి ‘కీలక పాత్ర పోషిస్తున్నది’. పాడి పశువులదీ కీలక పాత్రే, పొదుపు సంఘాలదీ కీలక పాత్రే. పాత్ర పోషించనిదంటూ జిల్లాలో ఏదీ మిగల్లేదు.

ఆ మంగళవారం పొద్దున ఆమె అట్టలకు మైదా జిగురు రాస్తూ ఉంటే అమల వచ్చి గడప దగ్గర నిలబడింది. ఐరాల పక్క పల్లె నుంచి బస్సులో వచ్చి చదువుకునే పిల్ల. ఈ ఏడాది చేత్తో రాసిన ప్రాజెక్టు తెచ్చి ఇచ్చింది ఆ పిల్ల ఒక్కతే. అరవై నాలుగు కాగితాలు, ‘మా ఊరి బెల్లం పొయ్యిలు’ అని పేరు. ఎప్పుడూ గడప దాటక ముందే ‘అక్కా’ అని అరిచే పిల్ల ఇప్పుడు బ్యాగును గుండెలకు పట్టుకుని నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“అక్కా, నేను రాసిచ్చిన కాగితాలు ఉండాయా?”

“ఎందుకు పాపా? బైండు చేసి ఇచ్చేసినా కదా పోయిన బుధవారం.”

“సారుకు చూపియ్యాల.” అమల గొంతు సవరించుకుంది. “నిన్న జయరావు సారు అందర్నీ ఒక్కొక్కర్నే పిలిచి మూడేసి ప్రశ్నలు అడిగినాడక్కా. నా దాంట్లో పాకం నూట పద్దెనిమిది డిగ్రీలకు రావాల అని ఉండాదంట. దేంతో కొలిచినారు అన్నాడు. మా కాడ కొలిచేది ఏమీ లేదు సార్ అంటి. మరి ఎట్లా రాస్తివి అన్నాడు. ఇది నేను రాయలేదు సార్ అనేసినా.”

“అట్లా అనేస్తివా?”

“నిజమే కదక్కా. డిగ్రీల సంగతి నేను యాడ రాసినా? అయితే ఏఐ రాసిందా అన్నాడు. నేను బిత్తరపోయి నిలబడినా. తక్కినోళ్లంతా ఏఐతోనే రాయించి, రాత్రంతా బట్టీ కొట్టి వచ్చినారు. అడిగినవన్నీ టకటకా చెప్పేసినారు. నేను రాసిందే కదా, నేను మళ్లీ సదివేది ఏముందిలే అని నేను పుస్తకం తెరిసి కూడా సూడలేదక్కా.”

లోకేశ్వరి చేతిలో బ్రష్షు ఆగిపోయింది. జిగురు చుక్క జారి అట్ట మీద పడింది.

“ప్రాజెక్టుకు సున్నా వేస్తానన్నాడు. సున్నా పడితే డిగ్రీ ఆగిపోయినట్టే. రేపు మా నాయన్ను పిలుచుకోని రమ్మన్నాడు. పొయ్యి మండతా ఉండాది, పాకం సూసేది మా నాయనే. ఎట్లా వస్తాడక్కా? ఆ కాగితాలు ఉంటే సూపించి ఇది నా రాతే అని చెప్పుకుంటా.”

“వెతుకుతాలే,” అంది లోకేశ్వరి.

“నువ్వు ఉండావనే ధైర్యం అక్కా,” అని చెప్పి అమల రోడ్డు దాటి వెళ్లిపోయింది.

లోకేశ్వరి అట్ట మీద పడిన జిగురు చుక్కను వేలితో తుడిచింది. మళ్లీ తుడిచింది. నూట పద్దెనిమిది డిగ్రీలు ఎక్కడి నుంచి వచ్చాయో ఆమెకు తెలుసు. ఆ పిల్ల రాత టైపు చేస్తున్నప్పుడు ఎన్నిసార్లు ఒక్కతే నవ్వుకుందో! ‘నురుగు పొంగి పెనం దాటిపోతా ఉంటే మా అమ్మ బెండకట్ట, అంటే బెండ చెట్ల కాడలు, దంచిన జిగురు నీళ్లు చల్లతాది. అంతే, కోపమొచ్చిన మనిషికి మంచి మాట చెప్పినట్టు నురుగు దిగిపోతాది’ అని ఒకచోట రాసింది. చదువుతూ లోకేశ్వరి మురిసిపోయింది, ఆ వెనకే భయపడింది. ఇట్లాంటి మాటలు చూస్తే సార్లు మార్కులు కోసేస్తారు. పల్లెటూరి పిల్ల, అడిగేవాళ్లు లేరు. మేలు చేద్దామనుకుని అధ్యాయం అధ్యాయంగా తీసి ఫోన్‌లో ఏఐకి ఇచ్చింది. ‘దీన్ని మంచి తెలుగులో రాయి’ అంది. అది రాసింది. నున్నగా, ఎక్కడా గరుకు తగలకుండా రాసింది. బెండకట్ట పోయింది, వాళ్లమ్మ పోయింది, నీళ్లలో పాకం వేసి చూసే వాళ్ల నాయన చేతులు పోయాయి. ఆ చేతులున్న చోటికి డిగ్రీలు వచ్చి కూర్చున్నాయి. లోకేశ్వరి దాన్ని తీసుకొచ్చి పాత ఫైలు మీదే అతికించి సేవ్ చేసింది. పిల్లకు చెప్పలేదు. రేపు మంచి మార్కులు వచ్చాక చెబుదాం, సంతోషిస్తుంది అనుకుంది.

ఇక ఆ కాగితాలు. బైండు అయిపోయాక చేతిరాత కాగితాలు ఎవ్వరూ అడగరు. గురువారం గురువారం వాటిని కట్టగట్టి దేవకమ్మ బజ్జీల బండికి ఇచ్చేయడం మామూలు. సాయంత్రం నాలుగు బజ్జీలు వస్తాయి. ప్రింటు కాగితం కంటే పెన్నుతో రాసిన కాగితం నూనె బాగా పీలుస్తుందని దేవకమ్మ నమ్మకం. కాలేజీ పిల్లలు చాలామంది తమ రాతలోనే తాము బజ్జీలు తిని చేతులు తుడుచుకుని పోయారు. పోయిన గురువారం కట్టలో అమల కాగితాలు కూడా ఉన్నాయి.

బుధవారం పొద్దున ఆమె షట్టరు పైకి లేపేసరికే గడప పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఉతికిన తెల్ల చొక్కా. మోచేతి కింద రెండు చేతుల నిండా పాకం చిందిన పాత మచ్చలు. చంకలో గుడ్డ సంచి. వెనక అమల తల వంచుకుని ఉంది.

“లోకేశ్వరమ్మంటే మీరేనామ్మా? నేను అమల నాయన, మునస్వామి.”

“రండి అన్నా, కూర్చోండి.”

ఆయన కూర్చోలేదు. సంచిలోంచి అరిటాకు పొట్లం తీసి, రెండు చేతులతో ఆమె బల్ల మీద పెట్టాడు. బెల్లం ముద్ద. ఆకు లోపల ఇంకా కొంచెం మెత్తగా ఉన్నట్టుంది, కొత్త బెల్లం వాసన గదంతా నిండింది.

“నిన్న సాయంత్రం దించిన పాకం. మీకని తెచ్చినా. మా పాప రోజూ మీ మాటే చెప్తాది. దాని రాత అంతా ఓపిగ్గా కూర్చోని టైపు చేసినారంట. తప్పులు కూడా ఊరికే సరిచేసినారంట. ఈ కాలంలో ఎవరు చేస్తారమ్మా?”

లోకేశ్వరి పొట్లాన్ని బల్ల మూలకు జరిపింది.

“సారు మంచోడేనా అమ్మా?”

“మంచోడే అన్నా.”

“అట్లయితే భయం లేదు. నాకు సదువు రాదు, ఆయన ముందర ఏం మాట్లాడేది. మా పాప అబద్ధం చెప్పదు సార్ అని చెప్తా. అంతకంటే నాకు తెలిసింది లేదు.”

అమల లోకేశ్వరి ముఖంలోకి చూసింది. కాగితాలు దొరికాయా అని ఆ చూపు. లోకేశ్వరి తల అడ్డంగా ఊపింది. ఆ పిల్ల తల తిప్పుకుని, తండ్రి మోచేయి పట్టుకుని రోడ్డు దాటింది.

లోకేశ్వరి కుర్చీలో కూర్చుని కీబోర్డు ముందుకు లాక్కుంది. ఎవరిదో రిపోర్టు, మూడో పేజీలో పాడి పరిశ్రమ కీలక పాత్ర పోషిస్తూ కనిపించింది. వేళ్లు కదల్లేదు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కాగితాలు బజ్జీలయి పోయాయి, పాత ఫైలు లేదు. అమల రాయలేదని అందరూ అనుకుంటారు, అంతే. నోరు విప్పితే లెక్చరర్లు తన దగ్గర టైపు చేయించుకునే వ్యాసాలు ఇంకెవరికైనా ఇస్తారు. లోకేశ్వరి చేతికిస్తే మన రాత మనది కాకుండా వస్తుందని వీధంతా చెప్పుకుంటుంది. ఉన్న కాస్త పనీ పోతుంది. బల్ల మీద బెల్లం పొట్లం వైపు చూసింది. ఏ తప్పు వల్ల ఆ మనిషి పొయ్యి వదిలి, ఉతికిన చొక్కా వేసుకుని, ఎవరి ముందో చేతులు కట్టుకోవడానికి వచ్చాడో, ఆ తప్పుకే దండం పెట్టి బెల్లం ఇచ్చి వెళ్లాడు. ఆమెకు ఏడుపు వచ్చింది. లేచి షట్టరు సగానికి దించింది.

దేవకమ్మ ఇల్లు వెనక సందులోనే. ఆమె వాకిట్లో పీట వేసుకుని మిరపకాయలకు గాట్లు పెడుతోంది.

“అవ్వా, పోయిన గురువారం నేనిచ్చిన కట్టలో నీలం పెన్నుతో రాసినవి ఉండె. ఏమన్నా మిగిలినాయా?”

“బెల్లం పొయ్యివేనా?”

లోకేశ్వరి ఆశ్చర్యపోయింది. దేవకమ్మ కత్తి పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి పోయింది. శనగపిండి డబ్బా కింద నుంచి కాగితాల కట్ట తీసుకొచ్చింది. అక్కడక్కడా నూనె మరకలు. పురికొసతో కట్టి ఉంది.

“ముందరివి అయిపోయినాయి మే. సూసుకోకుండా సుట్టేసినా. యాపారం లేనప్పుడు ఒక కాయితం తీసి కూడబలుక్కోని సదివినా. మా అమ్మగారింటి కాడ కూడా బెల్లం పొయ్యి ఉండె కదా. సిన్నప్పుడు పెనం అడుగున గీకి తినేవాళ్లం, అదే రాసిపెట్టింది ఆ పిల్ల. ఇంగ సుట్టబుద్ధి కాలేదు. పదేడు ఉండాయి. ఎవరు మే ఆ పిల్ల? ఎంత బాగా రాసింది!”

లోకేశ్వరి ఆ కట్ట అందుకుంది. మంచి తెలుగు కావాలని తాను ఫోన్‌ను అడిగింది. బజ్జీలమ్మ అడగలేదు, చదివి దాచుకుంది. మిరపకాయల ఘాటుకు కళ్లలో నీళ్లు వచ్చాయని దేవకమ్మ అనుకుని ఉంటుంది. లోకేశ్వరి ఆమె చేతులు రెండూ పట్టుకుని ఒకసారి గట్టిగా నొక్కి, సందులోంచి దాదాపు పరుగున బయటికొచ్చింది.

కాలేజీలో స్టాఫ్ రూము తలుపు తీసే ఉంది. జయరావు బల్ల వెనక కూర్చుని ఉన్నాడు. ముందర అమల ప్రాజెక్టు తెరిచి ఉంది, చేతిలో ఎర్ర పెన్ను. మునస్వామి నిలబడే ఏదో చెబుతున్నాడు. చెబుతున్నాడనడం కంటే చూపిస్తున్నాడు అనాలి. కుడి చేతి రెండు వేళ్లు గాలిలో లేని పెనంలో ముంచి, ఎడం చేతి పుడిసిట్లో లేని నీళ్లలో వేసి, అరచేతిలో గుండ్రంగా ఉండ చేసి, బల్ల మీది అద్దం మీద కొట్టాడు.

“ఠంగుమనాల సార్. మెత్తగా పడిందంటే ఇంగా రెండు నిమిషాలు కాగాల. సప్పుడు వస్తే పెనం దించేసేది. డిగ్రీలు నాకు తెలీదు.”

“మీరు చెప్పేది నాకు అర్థమవుతోంది మునస్వామీ. కానీ మీ అమ్మాయి ఇందులో ఇది రాయలేదు. అదే నా బాధ.” జయరావు గొంతులో కోపం లేదు, అలసట ఉంది. గుమ్మంలో నిలబడిన మనిషిని చూసి కళ్లజోడు సర్దుకున్నాడు. “లోకేశ్వరమ్మా? ఏమిటిలా వచ్చారు?”

“సార్, అది రాసింది ఈ పాప కాదు. రాయించింది నేను.”

లోకేశ్వరి ఆగితే మళ్లీ చెప్పలేనని భయపడి ఒక్క ఊపున చెప్పేసింది. పాప అరవై నాలుగు కాగితాలు సొంతంగా రాసి తెచ్చిందని, తాను టైపు చేసిందని, చేసి ఊరుకోకుండా ఏఐకి ఇచ్చి నున్నగా చేయించిందని, పాపకు చెప్పలేదని, నలభై ఏడు కాగితాలు బజ్జీలకు పోయాయని, పదిహేడు మిగిలాయని. చెప్పి ఆ కట్ట బల్ల మీద పెట్టింది.

జయరావు పురికొస విప్పి పైకాగితం తీశాడు. నూనె మరక మీద వెలుతురు పడేలా కిటికీ వైపు తిప్పి, మొదట లోలోపల, తర్వాత పైకి చదివాడు. “‘పాకం వచ్చిందో లేదో మా నాయన చేతికి తెలుస్తాది. రెండు వేళ్లతో తీసి నీళ్లలో వేస్తాడు. అరచేతిలో ఉండ చేసి పళ్లెం మీద కొడతాడు. ఠంగుమంటే అందరం పెనం కాడికి ఉరకాల. అప్పుడు మా నాయన్ను ఎవరూ పలకరించకూడదు.’”

ఆయన చదవడం ఆపి మునస్వామి చేతుల వైపు చూశాడు. ఆ రెండు వేళ్లు ఇంకా అరచేతి మీదే ఉన్నాయి. మునస్వామి కూతురి వైపు తిరిగాడు.

“ఇదంతా రాస్తివా పాపా నువ్వు?” అన్నాడు. అమల తల ఊపింది.

“ఇంత బాగున్నదాన్ని ఎందుకు మార్చారమ్మా?” అని అడిగాడు జయరావు.

లోకేశ్వరి ఎర్ర పెన్ను వైపు చూసింది. అనాలా వద్దా అని ఒక క్షణం తటపటాయించింది. “సార్, ఏమనుకోవద్దు. ఇట్లాంటి మాటలకు మీరు ఎర్ర సున్నాలు సుట్టేది పదిహేనేళ్లుగా సూస్తా ఉండా. దిద్దిందాన్ని మళ్లీ టైపు సేసేది నేనే కదా. ఈ పాపకూ సున్నాలు పడతాయని భయపడినా. తప్పు నాదే సార్. భయం మాత్రం ఆడ నేర్సుకున్నా.”

జయరావు పెన్ను మూత కోసం బల్ల మీద వెతికి, దొరికాక మూత పెట్టి, సొరుగులో వేశాడు.

“శనివారం పదకొండింటికి నేను మార్కులు పంపాలి. ఇవి పదిహేడే ఉన్నాయి, తక్కినవో?”

“మళ్లీ రాస్తా సార్,” అంది అమల. అంతసేపట్లో ఆ పిల్ల మాట్లాడింది అప్పుడే. “రెండు దినాలు సాలు. నాకు తెలిసిందే కదా.”

ఆయన ఆ పిల్లను కొత్తగా చూసినట్టు చూశాడు. తర్వాత లోకేశ్వరి వైపు తిరిగి, ఎప్పుడూ కాలేజీలో మాట్లాడని గొంతుతో, తన శ్రీకాళహస్తి ఇంటి గొంతుతో అన్నాడు. “టైపు చేసి తెచ్చీండమ్మా. ఒక్క అక్షరం మార్చబాకండి.”

బయట మెట్ల మీద మునస్వామి ముందు నడిచిపోయాడు. అమల ఆగింది. లోకేశ్వరి తిట్టు కోసం కాచుకుంది. పిల్ల తిట్టలేదు.

“నా రాత బాగాలేదనిపించిందా అక్కా?”

దీనికంటే చెంపదెబ్బ నయమనిపించింది లోకేశ్వరికి. “బాగుండాది పాపా. నవ్వుకుంటా, మురిసిపోతా టైపు సేసినా. బాగుండాదని తెలిసి కూడా మార్సినా. అదే నా తప్పు. నన్ను క్షమించు.”

అమల కాసేపు బ్యాగు జిప్పును అటూ ఇటూ లాగింది. “తెల్ల కాయితాలు ఉండాయా అక్కా అంగట్లో?” అంది.

గురువారం, శుక్రవారం షాపులో ఇంకే పనీ ముట్టలేదు. బైండింగు బల్ల ఖాళీ చేసి అమలకు ఇచ్చింది లోకేశ్వరి. పిల్ల మోకాలు మడుచుకుని రాస్తూనే ఉంది. మధ్యమధ్య పెన్ను ఆపి కళ్లు మూసుకుని, చేత్తో గాలిలో చెరుకు పిప్పి పొయ్యిలోకి తోస్తున్నట్టు చేసేది, మళ్లీ రాసేది. రాసిన కాగితం రాసినట్టే ఇటు వచ్చేది. లోకేశ్వరి వేళ్లకు ఇదో కొత్త కష్టం. పదిహేనేళ్లుగా తమంతట తామే దిద్దుకుపోయే వేళ్లు. ‘ఉండాది’ దగ్గర ఆగిపోయేవి. ఆమె వాటిని బతిమాలి ముందుకు నడిపించింది. టైపు అయ్యాక ప్రతి కాగితాన్నీ కంప్యూటర్ తెరతో పక్కపక్కన పెట్టి వేలు పెట్టి చూసుకుంది. కొత్త కాగితాల్లో బెండకట్ట తిరిగొచ్చింది, వాళ్లమ్మ తిరిగొచ్చింది. మొదటిసారి రాయని సంగతులు కూడా కొన్ని వచ్చాయి. పొయ్యి వదిలి నాయన కాలేజీకి పోయిన రోజు పాకం చూడడానికి అమ్మ మొదటిసారి పెనం ముందర నిలబడిందనీ, ఆ బెల్లం రవ్వంత ముదిరినా ఊరంతా బాగుందనే అన్నారనీ ఒక పేజీ. అది టైపు చేసేటప్పుడు లోకేశ్వరి రెండుసార్లు కళ్లజోడు తుడుచుకోవాల్సి వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం జయరావు వచ్చాడు. పరీక్షించడానికే వచ్చి ఉంటాడు. గడప దగ్గరే నిలబడి ఒక కాగితం తీసుకున్నాడు, తర్వాత ఇంకోటి. మూడో కాగితానికి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“బెండకట్ట ఎంతసేపు నానబెడతారు?” అని అడిగాడు.

“దంచినాక నీళ్లల్లో పిసికి వెంటనే పోస్తారు సార్. నానబెడితే జిగురు పల్చనవతాది.”

ఆయన రాసుకోలేదు, తల ఊపాడు. మార్కుల కోసం అడిగిన ప్రశ్న కాదని లోకేశ్వరికి అర్థమైంది. లేచేటప్పుడు ఆ కాగితాలు ఏ బజ్జీలమ్మ దగ్గర దొరికాయో కనుక్కున్నాడు. సాయంత్రం దేవకమ్మ బండి దగ్గర ఆయన నిలబడి పేపరు ముక్కలో బజ్జీలు తింటున్నాడని జిరాక్సు షాపు అమ్మాయి వచ్చి చెప్పింది.

శనివారం తొమ్మిదింటికి అరవై ఆరు పేజీలు సిద్ధమయ్యాయి. ఇక ముందరి పేజీలే. లోకేశ్వరి అలవాటుగా ‘కృతజ్ఞతలు’ ఫైలు తెరిచింది.

“గైడు జయరావు సారే కదా?”

“ఆ ఫైలు వద్దక్కా. నేను రాసినా,” అని అమల చిన్న కాగితం ఇచ్చింది. “ఒక్క అక్షరం మార్చకూడదు, సారు చెప్పినాడు.” ఆ పిల్ల ముఖంలో వారం తర్వాత కొంచెం అల్లరి కనబడింది.

లోకేశ్వరి కాగితాన్ని స్టాండుకు తగిలించి టైపు చేయడం మొదలుపెట్టింది.

‘పాకం చూసేది నేర్పించిన మా నాయన మునస్వామికి. నురుగును శాంతపరిచే మా అమ్మకు. నా కాగితాలు చదివి, వాటిలో బజ్జీలు చుట్టకుండా దాచిన దేవకమ్మ అవ్వకు. మళ్లీ రాసేదానికి రెండు దినాలు ఇచ్చిన జయరావు సారుకు. దీన్ని రెండుసార్లు టైపు చేసిన లోకేశ్వరక్కకు. మొదటిసారి ఆమె ఒక తప్పు చేసింది. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఆమే వచ్చి చెప్పింది. నన్ను నమ్మమని నేను ఎంత చెప్పినా కానిది ఆమె ఒక్క మాటతో అయింది. ఆమె మేలు నేను మరిచిపోను.’

‘తప్పు’ దగ్గర ఆమె వేళ్లు ఆగాయి. ‘పొరపాటు’ అని కొడితే పోయేదేముంది? అదొక్కటే మాట, ఎవరికీ నష్టం లేదు. అమల వెనక నుంచి చూస్తోంది. లోకేశ్వరి ఊపిరి తీసుకుని ‘తప్పు’ అనే కొట్టింది. ఆ పక్కన తన పేరు కొడుతుంటే చూపు మసకబారింది. పదిహేనేళ్లలో ఎన్నో వందల రిపోర్టుల్లో ఎన్నో పేర్లు పెట్టింది. తన పేరు పెట్టుకోవడం ఇదే మొదలు.

పదిన్నరకు ఇద్దరూ స్టాఫ్ రూములో ఉన్నారు. బైండు ఇంకా చెమ్మగానే ఉంది. జయరావు దాన్ని తీసుకుని మొదటి పేజీ తెరిచాడు. సంతకం చేసే చోటు వెతకలేదు. కళ్లజోడు సర్దుకుని, నిలబడే ఆ పేజీ పైనుంచి కింద దాకా చదివాడు. చదివి, మళ్లీ మొదటికి పోయాడు. లోకేశ్వరి ఆ పేజీని చదివే మనిషిని మొదటిసారి చూసింది. ఆయన తన వైపు చూసి చిన్నగా తల వంచినప్పుడు ఏం చేయాలో తెలియక ఆమె చేతులు జోడించింది.

షాపుకు వచ్చేసరికి ముగ్గురు అమ్మాయిలు గడప మీద కూర్చుని ఉన్నారు. “అక్కా, ప్రాజెక్టు వాట్సాప్‌లో పంపించినాం. కృతజ్ఞతల పేజీ మీ కాడే ఉంటాదంట కదా, పేర్లు మార్సి పెట్టేయండి,” అంది ఒకమ్మాయి.

లోకేశ్వరి లోపలికి పోయి బల్ల మూలనున్న అరిటాకు పొట్లం తీసింది. బుధవారం నుంచి దాన్ని విప్పలేదు, విప్పడానికి తనకు చెల్లదనుకుంది. ఆకు ఎండి గలగలమంది, లోపలి బెల్లం గట్టిపడింది. అట్టలు కోసే కత్తి వెనక వైపుతో కొట్టి ముక్కలు చేసింది. ముగ్గురి చేతుల్లో మూడు ముక్కలు పెట్టి, మూడు తెల్ల కాగితాలు, ఒక పెన్ను ఇచ్చింది.

“తినండి ముందు. తిన్నాక మీకు మేలు సేసినోళ్లు ఎవరో బాగా తలుసుకోని మీరే రాసియ్యండి. నేను టైపు సేస్తా.”

అమ్మాయిలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. లోకేశ్వరి మిగిలిన ముక్క నోట్లో వేసుకుని కుర్చీలో కూర్చుంది.